తెలుగులో దీర్ఘకాల సూచక పదాలు (దక్షిణ తెలంగాణ)

దీర్ఘకాల సూచక పదాలు అనగా ఒక సంవత్సరానికి మించిన కాలాన్ని నిత్య వ్యవహారంలో తెలియజెప్పే మాటలు. చాలా భాషలలో ఇటువంటి పదాలు ఉన్నాయి. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో పుష్కరం, తరం, ఫసలీ, జమానా వంటి మాటలు వాడుకలో కనిపిస్తాయి. వీటితో పాటు ప్రజలందరూ ఎరిగిన ఒక సంఘటనను గుర్తుగా పెట్టుకొని కాలాన్ని చెప్పే పద్ధతి కూడా ఉన్నది. వినడానికి ఉజ్జాయింపుగా తోచినా, వీటిలో చాలా వాటిని క్రీస్తు శకంలోకి మార్చుకోవచ్చును. భూమి హక్కు, వయస్సు నిర్ధారణ వంటి విషయాలలో ఈ మార్పిడి తెలిసి ఉండడం అవసరం.

ఇంగ్లీషుతో పోలిక

ఇంగ్లీషులో దీర్ఘకాలాన్ని ఎక్కువగా పదుల లెక్కన చెబుతారు. పదేళ్ళకు డెకేడ్, నూరేళ్ళకు సెంచరీ, వెయ్యేళ్ళకు మిలీనియం అనే పదాలు ఉన్నాయి. ఇరవైకి స్కోర్ అనే పాత మాట ఉన్నది కాని నేటి వాడుకలో అది అరుదు. అతిశయోక్తిగా చెప్పవలసి వచ్చినప్పుడు ఏజెస్ అనీ, బ్రిటన్‌లో డాంకీస్ ఇయర్స్ అనీ అంటారు. రెండవది గాడిద చెవుల పొడవును బట్టి పుట్టిన చమత్కారమని ఒక వివరణ ఉన్నది. పన్నెండేళ్ళ కాలానికి ఇంగ్లీషు వాడుకలో ప్రత్యేకమైన పేరు లేదు. తెలుగులో దశాబ్దం, శతాబ్దం అనేవి ప్రధానంగా వ్రాతభాషకు చెందినవి. పల్లె సంభాషణలో వాటికి బదులు "పదేండ్లు", "నూరేండ్లు" అంటారు.

ఏడు, ఏండ్లు

కోస్తా ప్రాంతంలో "పదేళ్ళ క్రితం" అనేదాన్ని తెలంగాణలో "పదేండ్ల కింద" అంటారు. గడచిన సంవత్సరం "నిరుడు", దానికి ముందరిది "ముందటేడు". అంతకంటే వెనుకటి కాలానికి అంకె గాని, సంఘటన గాని చేర్చి చెబుతారు. ఏ కాలమో తేల్చనవసరం లేనప్పుడు "ఎన్కట" అనే మాట సరిపోతుంది. ఒక పని అంతులేకుండా సాగితే "ఏండ్లు పూండ్లు" పట్టిందంటారు. "నూరేండ్లు" అనేది అంకె మాత్రమే కాదు, నిండు జీవితానికి పేరు. దీవించేటప్పుడు నూరేండ్లు బతకమంటారు. నూరేండ్లు నిండినవంటే మరణం ఆసన్నమైనదని అర్థం.

పుష్కరం

పుష్కరం అంటే పన్నెండు సంవత్సరాలు. బృహస్పతి ఒక్కొక్క రాశిలో ప్రవేశించినప్పుడు ఒక్కొక్క నదికి పుష్కరాలు వస్తాయి. బృహస్పతి సూర్యుని చుట్టూ తిరగడానికి సుమారు 11.86 సంవత్సరాలు పడుతుంది. ఈ ప్రాంతానికి ముఖ్యమైన కృష్ణా పుష్కరాలు బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు జరుగుతాయి. ఇవి 1980, 1992, 2004, 2016 సంవత్సరాలలో జరిగాయి. బీచుపల్లి, సోమశిల, వాడపల్లి, మట్టపల్లి ఇక్కడి ప్రధాన స్నానఘట్టాలు. ఆలంపూర్ వద్ద తుంగభద్రా పుష్కరాలు 2008లోను, 2020లోను జరిగాయి.

"ఆయన కనబడక పుష్కరమైంది" అన్నప్పుడు పన్నెండేళ్ళు కచ్చితంగా నిండాయని కాదు, చాలా కాలమైందని భావం. కాని "కిందటి పుష్కరాలప్పుడు బావి తవ్వినం" అంటే మాత్రం ఒక నిర్దిష్టమైన సంవత్సరమే. ఈ రెండు వాడుకలను వేరుగా గ్రహించాలి.

తరం, జమానా, యుగం

తరం అంటే తండ్రి నుండి కొడుకుకు గల దూరం. దీనికి ఇన్ని ఏళ్ళని కచ్చితమైన లెక్క లేదు. స్థూలంగా పాతిక ముప్పై ఏళ్ళుగా భావిస్తారు. భూమి గురించి చెప్పేటప్పుడు "మూడు తరాల నుంచి దున్నుతున్నం" వంటి మాటలు వినిపిస్తాయి. జమానా ఉర్దూ నుండి వచ్చిన పదం. "నిజాం జమానా" అంటే 1948కి పూర్వకాలం. యుగం పురాణ పరిభాషలో అతి దీర్ఘమైనది. కలియుగ పరిమాణం 4,32,000 సంవత్సరాలని చెబుతారు. అయినా ఎదురుచూపు భరించలేనిదైతే ఒక్క క్షణం కూడా యుగంలా గడిచిందంటారు. శాసనాలలో దానం శాశ్వతమని చెప్పడానికి "ఆచంద్రార్కం", అనగా సూర్యచంద్రులు ఉన్నంతకాలం, అనే మాట వాడేవారు.

అరవై సంవత్సరాల చక్రం

ప్రభవ నుండి అక్షయ వరకు తెలుగు సంవత్సరాలు అరవై. పేరును బట్టి సంవత్సరాన్ని గుర్తించవచ్చును గాని, అదే పేరు అరవై ఏళ్ళకు మళ్ళీ వస్తుంది. 1948-49 సర్వధారి, 2008-09 కూడా సర్వధారియే. కాబట్టి పేరుతో పాటు తరం కూడా తెలియాలి. తెలుగునాట కరువులకు సైతం ఈ పేర్లు నిలిచాయి. గుంటూరు ప్రాంతంలో 1832-33 నాటి కరువును నందన కరువనీ, రాయలసీమలో 1876లో మొదలైన కరువును ధాత కరువనీ అంటారు.

ఫసలీ

ఫసల్ అంటే పంట. పంటల రాబడిని బట్టి శిస్తు వసూలు చేయడానికి అక్బరు కాలంలో ఏర్పడిన ఈ లెక్క నిజాం రాజ్యంలో రెవెన్యూ దస్తావేజులకు ఆధారమైంది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుందని సాధారణంగా చెబుతారు. అయితే హైదరాబాదు రాజ్యంలో ఫసలీ సంవత్సరం ఆజర్ మాసంతో, అక్టోబరు మొదటి వారంలో ప్రారంభమయ్యేది. అందువల్ల 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుండి 1948 అక్టోబరు మొదలు వరకు గల కాలం. 1948 సెప్టెంబరులో వ్రాసిన కాగితానికి 590 మాత్రమే కలిపితే 1947 వస్తుంది, అది పొరపాటు. ఆ తొమ్మిది నెలలకు 591 కలపాలి. ఆంధ్ర ప్రాంతంలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది కనుక ఆ లెక్కను ఇక్కడి పాత కాగితాలకు వర్తింపజేయరాదు.

సంఘటనలతో కాలగణన

పెద్దలు తమ వయస్సును, పంపకాలను, పెళ్ళిళ్ళను ఊరంతా ఎరిగిన సంఘటనలతో ముడిపెట్టి చెబుతారు. వాటిలో ముఖ్యమైనవి:

* రజాకార్ల కాలం, సంగం కాలం – 1946 నుండి 1948 వరకు. సాయుధ పోరాటం 1951 వరకు సాగింది.
* పోలీసు యాక్షన్ – 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు.
* సాగర్ కట్టిన కాలం – 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచారు.
* శ్రీశైలం ముంపు – 1980ల తొలి ఏళ్ళు. కొల్లాపూర్, ఆలంపూర్ ప్రాంతాల గ్రామాలకు ఇది ముఖ్యమైన గుర్తు.

జనాభా లెక్కల సేకరణలో కూడా వయస్సు తెలియనివారికి ఇటువంటి స్థానిక సంఘటనలను గుర్తుచేసి అంచనా వేసే పద్ధతి ఉన్నది.

వ్యవహారంలో ప్రాధాన్యం

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, ఇతరుల స్వాధీనంలో ప్రతికూలంగా ఉన్న స్థిరాస్తిని తిరిగి పొందడానికి యజమాని పన్నెండేళ్ళలోగా దావా వేయాలి. ప్రభుత్వానికి ఈ గడువు ముప్పై ఏళ్ళు. పన్నెండేళ్ళు పుష్కరంతో సమానం కావడం కేవలం యాదృచ్ఛికం. కాని సాక్షి "పుష్కరం నుంచి దున్నుతున్నడు" అన్నప్పుడు అది లెక్కా, అతిశయోక్తియా అని తేల్చుకోకపోతే హక్కే తారుమారు కావచ్చును. సాక్షిని "ఎన్ని సంవత్సరాలు?" అని అడగడం కన్నా "ఏ పుష్కరాలకు ముందు? సాగర్ నీళ్ళు వచ్చినంక మొదలా?" అని అడిగితే జవాబు నిజానికి దగ్గరగా ఉంటుంది.

వయస్సు విషయమూ ఇంతే. జనాభా లెక్కలలో చాలామంది వయస్సు సున్నాతోనో అయిదుతోనో ముగిసే అంకెగా నమోదవుతుందని జనాభా శాస్త్రజ్ఞులు గుర్తించారు. "పోలీసు యాక్షన్ నాటికి నేను చంటిపిల్లను" అన్న వృద్ధురాలు సుమారు 1947లో పుట్టినదని చెప్పవచ్చును. ఆమె కాగితంలో 1955 అని ఉంటే, అంకెల్లో ఉన్నంత మాత్రాన అది ఆమె మాటకంటే నమ్మదగినది కాదు. పింఛను వయస్సు నిండిన నాడు, కాగితం ప్రకారం ఆమె మరో ఎనిమిదేళ్ళు ఆగవలసి వచ్చి ఉండేది.

ఇవి కూడా చూడండి

* తెలుగు సంవత్సరాలు
* పుష్కరం
* ఫసలీ
* నాగార్జునసాగర్
* తెలంగాణ సాయుధ పోరాటం