ఫోర్‌మన్, రిచర్డ్ (1937–2025)

అమెరికా నాటకకర్త, దర్శకుడు. బ్రాడ్‌వే వాణిజ్య నాటకశాలలకు దూరముగా, న్యూయార్కు నగరపు చర్చిలలోను, కాఫీ హోటళ్లలోను, పాత గిడ్డంగుల మేడలమీదను 1960 ప్రాంతమున తలయెత్తిన 'ఆఫ్ ఆఫ్ బ్రాడ్‌వే' నాటకోద్యమమును దశాబ్దముల తరబడి విడువక సేవించిన ప్రయోక్తలలో ఇతడు అగ్రగణ్యుడు.

న్యూయార్కున జన్మించి, బ్రౌన్ విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, 1962లో యేల్ నాటక విద్యాలయమున ఉన్నతపట్టము పొందిన ఫోర్‌మన్‌ను, చదివిన చదువుకంటె జోనస్ మేకస్ మొదలగువారి ప్రయోగాత్మక చలనచిత్రములే గాఢముగా ఆకర్షించెను. స్వల్పవ్యయముతో, మెరుగులు దిద్దక తీసిన ఆ చిత్రముల సాహసమును రంగస్థలమునకు తేదలచి, 1968లో 'ఆంటొలాజికల్ హిస్టెరిక్ థియేటర్' అను సంస్థను స్థాపించి, 'ఏంజెల్‌ఫేస్' నాటకమును ప్రదర్శించెను.

ఇతని నాటకములందు కథ వెదకబూనుట వృథా. ముందాలోచన లేక నోటుపుస్తకములలో వ్రాసికొన్న పుటలనుండి, పరస్పరము పొసగునట్లు తోచినవానిని ఏరి నాటకముగా కూర్చుట ఇతని పద్ధతి. రంగస్థలమున నడ్డముగా దారములు బిగించియుండును. ప్రేక్షకుల కన్నులు మిరుమిట్లు గొనునట్లు దీపములు వారివైపే వెలుగును. సంభాషణ సాగుచుండగా బజరు మ్రోగి దానిని ఖండించును. కర్త కంఠమే ధ్వనిముద్రికనుండి వినవచ్చుచుండును. తొలినాళ్లలో నతడు ప్రేక్షకుల యెదుటనే కూర్చుండి ఈ శబ్దములను స్వయముగా నడపెడివాడు. రసావేశమున తన్ను తాను మరచుటయే నాటకఫలమని నమ్మిన మనకు ఇది రసభంగముగా తోచుట సహజమే. కాని తాను చూచుచున్నానను ఎరుక ప్రేక్షకునికి క్షణక్షణము కలుగుచుండవలెననియే ఫోర్‌మన్ సంకల్పము, ఆ ఎరుకలోని ఆనందము సామాన్యమైనది గాదు.

'రోడా ఇన్ పొటాటోలాండ్' (1975) ఇతని ప్రసిద్ధ నాటకములలో నొకటి. రోడా పాత్రకు ప్రాణము పోసిన కేట్ మాన్‌హైమ్ తరువాత ఇతని భార్య యయ్యెను. 1976లో నాటకనిర్మాత జోసెఫ్ పాప్ పక్షమున లింకన్ సెంటరులో బ్రెహ్ట్ రచించిన 'త్రీపెనీ ఆపెరా'కు దర్శకత్వము వహించి మహాశాలలయందును సమర్థుడనిపించుకొనియు, ఇతడు తన చిన్న రంగమునకే మరలెను. 1992 మొదలు 2010 వరకు సెయింట్ మార్క్స్ చర్చిలోని యొక గది ఇతనికి నెలవు. యువ ప్రయోక్తలకును అందు చోటు లభించెడిది. 1995లో మెకార్థర్ పురస్కారము లభించెను.

2025 జనవరి 4న మరణించెను. అంతకు కొలది దినముల ముందే, 2024 డిసెంబరులో, ఇతని నూతన నాటకము 'సపోజ్ బ్యూటిఫుల్ మాడలిన్ హార్వే' లా మామా నాటకశాలలో ప్రదర్శితమయ్యెను. తన నోటుపుస్తకములనుండి ఎవరైనను నాటకములు కూర్చుకొనవచ్చునని ఇతడు జీవించియుండగనే అనుమతించెను.