అటక మీద పెట్టుకున్న ఒట్టు

మన పెద్దవాళ్ళు మూడు రకాల వైరాగ్యాలు చెప్పారు. హరికథ వింటున్నంతసేపూ ఉండేది పురాణ వైరాగ్యం. కాటినుంచి ఇంటికొచ్చి స్నానం చేసేదాకా ఉండేది శ్మశాన వైరాగ్యం. మూడోది అచ్చంగా మన ఆడవాళ్ళది, ప్రసూతి వైరాగ్యం. నొప్పులు పడుతూ "ఇక ఈ జన్మకి చాలు తల్లీ!" అని ఒట్టు పెట్టుకున్న ఇల్లాలు, పిల్లాడి బోసినవ్వు చూసేసరికి ఆ ఒట్టు మాటే మరిచిపోతుంది.

ఈ మూడింటి పక్కన నాలుగోదాన్ని కూడా చేర్చాలని నాకు ఎన్నాళ్ళనుంచో కోరిక. దానిపేరు వరద వైరాగ్యం. నీళ్ళు గుమ్మం దాటి వంటింట్లోకి వస్తున్నప్పుడు ఎన్ని అనుకుంటాం! ఈసారి గట్టెక్కితే కాలవ పూడిక తీయించాల్సిందే, చెరువులో ఇళ్ళు కట్టే వాళ్ళని నిలదీయాల్సిందే అనుకుంటామా లేదా? తీరా నీళ్ళు తీశాక, ఇల్లు కడిగిన బురదతోపాటు ఆ మాటల్ని కూడా వీధిలోకి చిమ్మేస్తాం.

అలా చిమ్మేయకుండా, పెట్టుకున్న ఒట్టుని పదేళ్ళపాటు కొంగున ముడేసుకుని తిరిగిన ఊరొకటి ఉంది. అది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని డేటన్. న్యూయార్కు, షికాగోల్లాంటి మహాపట్నం కాదు. 1910 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 1,16,577. విమానం కనిపెట్టిన రైట్ సోదరులది ఈ ఊరే. వాళ్ళ సైకిళ్ళ దుకాణం ఉన్నదీ ఇక్కడే.

ఊరు అందమైనదే కానీ, కూర్చున్న చోటే మంచిది కాదు. గ్రేట్ మయామీ నదిలో స్టిల్‌వాటర్, మాడ్ రివర్, వుల్ఫ్ క్రీక్ అనే మరో మూడు ప్రవాహాలు సరిగ్గా ఇక్కడే వచ్చి కలుస్తాయి. 1805లో మునిగారు. 1847లో, 1866లో, 1898లో మళ్ళీ మునిగారు. మునిగినప్పుడల్లా కరకట్ట ఇంకాస్త ఎత్తు చేసి, "ఇక ఫర్వాలేదు" అనుకునేవారు.

1913 మార్చి 23 ఈస్టరు పండుగ. ఆ రోజు పట్టుకున్న వాన వదల్లేదు. నేల అప్పటికే నాని ఉందేమో, పడ్డ చినుకు పడ్డట్టే నదిలోకి పరుగెత్తింది. 25వ తేదీ మంగళవారం పొద్దున నీళ్ళు కరకట్టలు దాటి ఊళ్ళోకి దూకాయి. బజారు వీధుల్లో కొన్నిచోట్ల 20 అడుగుల ఎత్తున నిలిచాయి. జనం కింది గదులు వదిలి మేడమీదికి, అక్కడినుంచి అటకమీదికి ఎక్కారు. అటకంటే మనం ఊరగాయ జాడీలు దాచుకునే అటక కాదు. వాళ్ళ ఇళ్ళకి ఏటవాలు కప్పు కింద ఒక చీకటి గది ఉంటుంది, పాత సామాను పడేస్తారు. అదీ చాలకపోతే కప్పు బద్దలుకొట్టుకుని పైకి వచ్చారు. గ్యాసు గొట్టాలు పగిలి ఊరి నడుమ మంటలు లేచాయి. చుట్టూ సముద్రంలా నీళ్ళు, మధ్యలో అగ్గి, పైన గడ్డకట్టించే చలి. టెలిఫోను ఆఫీసులో చిక్కుకుపోయిన ఒక ఉద్యోగి ఎలాగో ఒక్క తీగ బతికించి, ఊరి సంగతులు గవర్నరుకి చేరవేస్తూ కూర్చున్నాడు. 

నీళ్ళు తీసేసరికి ఆ నదీలోయ మొత్తంమీద 360 మందికి పైగా పోయారు. ఇళ్ళు విడిచిన వాళ్ళు 65,000 మంది. రైట్ కుటుంబం ఇల్లూ మునిగింది. విల్బర్ అప్పటికే, 1912లో, టైఫాయిడుతో కన్నుమూశాడు. ఆర్విల్, చెల్లెలు కాథరిన్ ఒకచోట, ముసలి తండ్రి ఇంకోచోట. ఆయన్ని పడవలో ఎవరో దాటించారన్న కబురు అందేదాకా ఆ అన్నాచెల్లెళ్ళు గిలగిల్లాడిపోయారు. 1903లో మొదటి విమానం నేల విడిచినప్పుడు తీసిన ఫోటో ఉంది చూశారూ, ప్రపంచమంతా ఎరిగిన ఫోటో, దాని గాజు పలక ఇంటివెనక కొట్టంలో నీళ్ళలో నానింది. ఒక మూల దెబ్బతిన్నా బొమ్మ మిగిలింది, మన అదృష్టం.

ఈ కథలో ఒక వింత మనిషి ఉన్నాడు. పేరు జాన్ పాటర్సన్. దుకాణాల్లో డబ్బు లెక్క కట్టే గల్లాపెట్టె యంత్రాలు తయారుచేసే నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ అధిపతి. పోటీ కంపెనీలని అన్యాయంగా అణగదొక్కాడని ఆ ఫిబ్రవరిలోనే కోర్టు ఆయనకి ఏడాది జైలు వేసింది. (ఆ తీర్పుని పై కోర్టు 1915లో కొట్టేసింది.) అప్పీలు నడుస్తూండగానే వరద వచ్చింది. ఆయన ఫ్యాక్టరీ మెరకమీద ఉంది. వాన తీరు చూసి, ఆ పొద్దున గల్లాపెట్టెల పని ఆపించి, వడ్రంగులందరినీ పడవలు చెయ్యమన్నాడు. అడుగు చదునుగా ఉండే పడవలు 300 దాకా తయారయ్యాయి. ఫ్యాక్టరీలోనే రొట్టెలు కాల్చారు, మంచాలు వేశారు, ఆస్పత్రి పెట్టారు. పురుళ్ళు కూడా అక్కడే పోశారు. మనిషిలో మంచీ చెడూ చీరా అంచులా ఎలా కలిసి ఉంటాయో చూడండి!

ఇంతవరకూ ఏ ఊళ్ళో అయినా జరిగేదే. ఆపదలో మనుషులు మంచివాళ్ళవుతారు. అసలు పరీక్ష తర్వాత మొదలవుతుంది.

రెండు నెలలు తిరక్కుండా, మే నెలలో, ఊరి పెద్దలు చందాకి జోలె పట్టారు. వరద మళ్ళీ రాకుండా చేసే పనికోసం అన్నమాట. అప్పుడు జనానికి వాళ్ళు గుర్తుచేసిన మాట ఒకటే. అటకమీద ఉన్నప్పుడు ఏమని ఒట్టు పెట్టుకున్నారో మరిచిపోకండి! ఊరి నడుమ కోర్టు కచేరీ ముందు ఒక పేద్ద గల్లాపెట్టె యంత్రాన్ని నిలబెట్టి, పోగవుతున్న మొత్తాన్ని దానిమీద అంకెల్లో చూపించారు. మంచాలూ కుర్చీలూ ఇంకా ఎండలో ఆరేసుకుంటున్న జనం, కొద్దిరోజుల్లో 20 లక్షల డాలర్లకి పైగా ఇస్తామని సంతకాలు పెట్టారు. వరద వైరాగ్యానికి ఇదీ మందు. చల్లారకముందే కాగితంమీద పెట్టించడం!

రెండో పని, ఊరి పాలన మార్చుకోవడం. ఒహాయోలో 1912లో చేసిన రాజ్యాంగ సవరణలవల్ల పట్టణాలకి తమ పాలనా పద్ధతి తామే రాసుకునే హక్కు వచ్చింది. ఆ చర్చ ముందునుంచీ ఉన్నదే. వరద దాన్ని తొందరపెట్టింది. 1913 ఆగస్టులో ఓట్లేసి కొత్త పద్ధతి తెచ్చుకున్నారు. ప్రజలు అయిదుగురిని ఎన్నుకుంటారు. ఆ అయిదుగురూ కలిసి, చదువూ అనుభవమూ ఉన్న ఒకరిని సిటీ మేనేజరుగా జీతానికి పెట్టుకుంటారు. ఉమ్మడి కుటుంబంలో ఏం చెయ్యాలో పెద్దవాళ్ళు కూర్చుని తేల్చి, తాళంచెవుల గుత్తి మాత్రం సమర్థురాలైన ఒక కోడలి చేతిలో పెడతారే, అలాగన్నమాట. కోడలు లెక్క తప్పితే గుత్తి వెనక్కి తీసుకోవచ్చు! పనామా కాలవ తవ్వించిన గోతల్స్‌ని పిలిస్తే ఆయన రానన్నాడు. సిన్సినాటిలో ఇంజనీరుగా ఉన్న హెన్రీ వెయిట్ వచ్చి, 1914 జనవరి 1న బాధ్యత తీసుకున్నాడు. చిన్న ఊళ్ళు కొన్ని అంతకుముందే ఈ పద్ధతి పట్టినా, పెద్ద పట్టణాల్లో మొదటిది డేటనే. దాన్ని చూసి తర్వాత వందల ఊళ్ళు ఈ దారి పట్టాయి. పేటకొక ప్రతినిధి పోయి ఊరంతటికీ కలిపి అయిదుగురే కావడంతో, బీదపేటల గొంతు వినపడటంలేదన్న విమర్శా వచ్చింది. అది కొట్టిపారెయ్యదగ్గదీ కాదు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. అటకమీద పిల్లల్ని ఒళ్ళో పొదువుకుని ఒట్టు పెట్టుకున్నవాళ్ళలో సగంమంది ఆడవాళ్ళు కదా! మరి ఆగస్టులో ఓటు? ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి ఓటు లేదు. 1912లో మగవాళ్ళు ఓట్లేసి వద్దన్నారు. 1914లో మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దన్నారు. ఆ 1914లోనే డేటన్ వీధుల్లో ఆడవాళ్ళు ఓటు కావాలని ఊరేగింపు తీస్తే, కాథరిన్ రైట్ వెంట అన్న ఆర్విలూ, ఎనభై దాటిన తండ్రీ కూడా నడిచారు. అమెరికా అంతటా ఆ హక్కు వచ్చేసరికి 1920 అయింది. బురద కడగడానికి ముందు మనం కావాలి, ఊరు దిద్దుకోవడానికి మాత్రం అక్కర్లేదు. ఈ లెక్క ఏ దేశంలోనైనా ఒకటేనేమో!

మూడోది అసలు పని. నది చాలా జిల్లాలగుండా పారుతుంది. డేటన్ ఒక్కటీ గోడ కట్టుకుంటే నీళ్ళు పక్కవాడి ఇంట్లోకి పోతాయి. అందుకని లోయ మొత్తానికీ కలిపి ఒక సంస్థ కావాలన్నారు. దానికోసం 1914లో రాష్ట్రం చట్టం చేసింది. 1915లో మయామీ కన్సర్వెన్సీ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. ఎగువ రైతులు ఊరుకుంటారా? డేటన్‌ని కాపాడటానికి మా పొలాలు ముంచుతారా అని కోర్టులకి ఎక్కారు. వాళ్ళ బాధలోనూ న్యాయం ఉంది.

ఈ పనికి పెద్ద ఇంజనీరు ఆర్థర్ మోర్గన్. యూరపు నదుల పాత వరదల లెక్కలు కూడా తెప్పించి చదివి, 1913 వరదకంటే 40 శాతం ఎక్కువ వచ్చినా తట్టుకునేలా అయిదు ఆనకట్టలు వేశాడు. జర్మన్‌టౌన్, ఇంగిల్‌వుడ్, లాకింగ్టన్, టేలర్స్‌విల్, హఫ్‌మన్. వీటి చమత్కారమేమిటంటే, తలుపులు లేవు, వెనకాల చెరువూ లేదు. మట్టికట్ట అడుగున కాంక్రీటు కంతలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. సీసాలో నూనె పోసేటప్పుడు గరాటు పెడతాం కదా! మనం ఎంత తొందరపడి పోసినా గరాటు తన మూతికి సరిపడేంతే వదులుతుంది, మిగిలింది పైన ఆగి నెమ్మదిగా దిగుతుంది. అంతే ఇదీను. మామూలు రోజుల్లో నది తన దారిన తాను పోతుంది, కట్ట వెనక పొలాల్లో పంట పండుతుంది. వరదొచ్చినప్పుడే ఆ పొలాలు నీళ్ళు పట్టి ఉంచుతాయి. తలుపు తియ్యడం మరిచిపోయే మనిషే అక్కర్లేదు. 1918లో పని మొదలై 1922కి అయిదూ పూర్తయ్యాయి. కూలీలకి గుడిసెలు కాకుండా కుటుంబాలతో ఉండే ఇళ్ళు కట్టించి, పిల్లలకి బడీ, పెద్దలకి రాత్రిబడీ పెట్టించాడు మోర్గన్.

హఫ్‌మన్ కట్ట వెనక ఆస్బర్న్ అనే చిన్న ఊరుండేది. ఊరు ఖాళీ చెయ్యాలన్నారు. ఆ జనం ఏం చేశారనుకున్నారు? ఇళ్ళు వదల్లేదు, ఇళ్ళనే తీసుకుపోయారు! కొయ్య ఇళ్ళు కదా, పునాదులమీంచి లేపి, ట్రాక్టర్లు కట్టి లాగించి, సుమారు 400 ఇళ్ళని ఫెయిర్‌ఫీల్డ్ అనే ఊరి పక్కకి చేర్చారు. అత్తింటికి వెళ్ళే పిల్ల పుట్టింటిని కూడా వెంట తీసుకెళ్ళినట్టు! 1950లో రెండూళ్ళూ కలిసి, పేర్లు కూడా కలుపుకుని ఫెయిర్‌బోర్న్ అయ్యాయి. డేటన్ ఒట్టు నిలబడటానికి తమ వీధులు వదులుకున్న ఆ ఇల్లాళ్ళని మరిచిపోకూడదు.

ఈ మోర్గన్ మనకి పరాయివాడు కాదండోయ్. 1948-49లో మన విశ్వవిద్యాలయాల సంగతి చూడటానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన వేసిన కమిషన్లో ఆయన కూడా సభ్యుడు. పల్లెలకి తగిన గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలన్న ఆలోచనకి ఆ నివేదికలో ఊపిరిపోసిన వాళ్ళలో ముఖ్యుడు. కట్టలు కట్టిన చేతులే బడులు కూడా తలిచాయి.

డేటన్‌కంటే అయిదేళ్ళ ముందే, 1908 సెప్టెంబరు 28న, మన మూసీ హైదరాబాదుని ముంచింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు తన కొమ్మల్లో 150 మందిని దాచుకుని బతికించిందని చెబుతారు. డేటన్‌వాళ్ళకి అటక, మనవాళ్ళకి చింతకొమ్మ. మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన సలహాతోనే 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ వచ్చాయి. మనం చేతకాని వాళ్ళమేం కాదు. అక్కడ ఒట్టు పెట్టుకున్నది ఊరు, ఇక్కడ పూనుకున్నది సర్కారు. తేడా అదొక్కటే. కానీ ఆ తేడా చిన్నది కాదు. సర్కారు చేసిన పని సర్కారుదే అనుకుంటాం. నది గట్టున ఎవరో గోడ కడుతుంటే మనకెందుకులే అనుకుంటాం. 2020 అక్టోబరులో కాలనీలకి కాలనీలే మునిగినప్పుడు మళ్ళీ ఎన్నో అనుకున్నాం.

డేటన్ ఆనకట్టలు కట్టి వందేళ్ళు దాటింది. నది పొంగినప్పుడల్లా, ఇప్పటికి రెండువేలకి పైగా సార్లు, అవి నీళ్ళని పట్టి ఆపాయి. ఊరికి చాలా కష్టాలు వచ్చాయి, ఫ్యాక్టరీలు పోయాయి, జనం తగ్గారు. కానీ 1913 లాంటి వరద మాత్రం ఊళ్ళోకి మళ్ళీ రాలేదు.

ఈసారి పండక్కి అటక దులుపుతున్నప్పుడు చూడండి. ఇత్తడి బిందెల వెనక, పాత పెట్టెల కింద, మనం ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయిన ఒట్లు కూడా ఒకటో రెండో దొరక్కపోవు. దొరికితే మళ్ళీ పైన పెట్టెయ్యకండి. కిందికి దింపి, తుడిచి, నలుగురికీ కనపడేచోట పెట్టండి.