రాడికల్ డెమోక్రాటిక్ పార్టీ - ఎం. ఎన్. రాయ్

ఎం. ఎన్. రాయ్ పేరు వినినంతనే మనకు మెక్సికో, మాస్కో, కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ స్ఫురించును. 1920లో వలసదేశముల సమస్యపై లెనిన్‌తో వాదించిన ఆ వంగీయుని కథ చరిత్రకారులకు ఇంపైనదే. కాని 1940 మొదలు 1948 వరకు ఆయన నడిపిన చిన్న పక్షమును పెక్కురు ఓటమి యను నొక్కమాటతో ముగింతురు. ఈ తీర్పు అసమగ్రమని మా యభిప్రాయము.

1929లో ఇంటర్నేషనల్ నుండి బహిష్కృతుడై, 1930 డిసెంబరులో రహస్యముగా స్వదేశము చేరి, మరుసటి యేడు బొంబాయిలో పట్టుబడి, 1936 నవంబరు వరకు కారాగారమున నుండిన రాయ్, విడుదల పిదప కాంగ్రెసున చేరెను. 1940లో అధ్యక్షపదవికి మౌలానా ఆజాద్‌తో పోటీచేయగా ఆయనకు లభించిన ఓట్లు 183. కాంగ్రెసులో ఆయన బలమంతయు నంతే. ఆ యేటనే, ఫాసిజము గెలిచినచో భారతస్వాతంత్ర్యమునకు తావుండదని తలచి, మిత్రరాజ్యములకు తోడ్పడవలెనని వాదించి కాంగ్రెసుకు దూరమయ్యెను. డిసెంబరులో కొత్త పార్టీ వెలసెను.

1942లో ఈ వాదము జనులకు ద్రోహముగా తోచుటలో వింతలేదు. రాయ్ అనుయాయుల ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ యుద్ధప్రచారమునకై ప్రభుత్వమునుండి నెలకు రూ. 13,000 పుచ్చుకొనుట పార్టీకి మాయని మచ్చ యయ్యెను. ఫాసిజమును గూర్చి రాయ్ అంచనా సరియైనదే. దానిని పరాయిప్రభుత్వపు సొమ్ముతో చాటుట వేరు విషయము.

1944 నాటి రచనలు రెండు గమనింపదగినవి. పారిశ్రామికవేత్తల బొంబాయి ప్రణాళిక 15 ఏండ్లలో 10,000 కోట్ల వ్యయమును సూచింపగా, రాయ్ వర్గమువారి ప్రజాప్రణాళిక 10 ఏండ్లలో 15,000 కోట్లు కోరి, వ్యవసాయమునకును నిత్యావసర వస్తువులకును అగ్రస్థానమొసగెను. అదే యేట వెలువడిన రాజ్యాంగపు చిత్తుప్రతి అధికారమును ప్రజాసమితులపై నిలిపెను.

1946 ఎన్నికలలో పార్టీ ఓడెను. 1948 డిసెంబరులో కలకత్తా మహాసభలో తన్ను తాను రద్దుచేసికొనెను. ఓటమియే కారణమైనచో రెండేండ్లకుపైగా జాగేల? పార్టీరాజకీయముపై విముఖత ముందునుండియు నుండెనన్నను పొసగదు. 1946లో బొంబాయిలో ఆమోదించిన 22 సూత్రములలో 19, 20 సంఖ్యలు గలవి నేడు మనము చదువు రూపమున లేవు. వానిని రద్దు పిదప సవరించిరి. తరువాతి ముద్రణను 1946 నాటి పాఠముగా గ్రహించువారు పార్టీరహిత సిద్ధాంతము ఎన్నికలనాటికే సిద్ధమైనదని పొరబడుదురు. ఓటమి ప్రశ్నను లేపినది. సమాధానము ఆ రెండేండ్ల చర్చలలో క్రమముగా రూపొందినది. గెలిచియున్నచో ఆ ప్రశ్న పుట్టెడిదా యన్నది మాకు సందేహమే.

రద్దు పిదప పార్టీ వారపత్రిక 1949లో 'రాడికల్ హ్యూమనిస్ట్' పేరుతో కొనసాగెను. రాయ్ 1954 జనవరి 25న డెహ్రాడూనులో మరణించెను. తెలుగునాట ఈ పార్టీకి కార్యదర్శిగా పనిచేసినవాడు త్రిపురనేని గోపీచంద్. 'అసమర్థుని జీవయాత్ర' ఆ దశకముననే వెలువడినది. దానిని కేవల మనోవిశ్లేషణ నవలగా బోధించుట మనకు అలవాటు. సీతారామారావును రాయ్ వర్గమువారి వ్యక్తిస్వేచ్ఛా చర్చలప్రక్క నిలిపి చదివినచో, ఆ పాత్ర పతనము వేరొక వెలుగున కనబడును.