సుడి నుంచి ఫామ్ దాకా: గుర్రాన్ని చూడటం అనే విద్య

పోయిన వారం మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక తమ్ముడు నన్నో ప్రశ్న అడిగాడు. "అన్నా, పాత రేసుల డేటా అంతా కూర్చి మోడల్ కడితే, ఏ కుర్ర గుర్రం పైకొస్తుందో ముందే చెప్పొచ్చు కదా?" అని. దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. కొంచెం చరిత్రలోకి వెళ్దాం.

హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మలక్‌పేటలో దిగండి. అక్కడుంది రేస్ కోర్సు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, పందేలు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. సైబర్ టవర్స్ మొదలైంది 1998లో. అంటే హైటెక్ సిటీ కంటే వంద సంవత్సరాలకు పైగా ముందునుంచే ఈ నగరంలో జనం అంకెలు ముందేసుకుని రేపు ఏం జరుగుతుందా అని లెక్కలు కడుతున్నారన్నమాట.

అసలు దక్కన్‌కి గుర్రం బయటి సరుకు. మంచి గుర్రాలు అరేబియా, పర్షియా నుంచి ఓడల్లో వచ్చేవి. ఖరీదు ఎక్కువ. కొన్నాక పనికిరాకపోతే నష్టం మామూలుగా ఉండదు. అంచేత గుర్రాన్ని చూసి ఎంచడం ఒక శాస్త్రమే అయింది. సంస్కృతంలో శాలిహోత్రుడి పేర, నకులుడి పేర అశ్వశాస్త్రాలున్నాయి. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసము రాశాడు. ఆ సంప్రదాయంలో రంగు, అవయవాల తీరు, వయసు, నడకతో పాటు సుడులు కూడా చూసేవాళ్లు. ఒంటి మీద వెంట్రుకలు తిరిగే చోటును బట్టి శుభమా అశుభమా అని చెప్పేవాళ్లు. ఇవాళ్టికీ మనం "వాడికి సుడి ఉందిరా" అంటాం కదా. అదృష్టం అని అర్థం.

ఇక్కడ గమనించండి. నడక చూడటం, కాళ్లు చూడటం పరిశీలన. సుడి చూడటం నమ్మకం. రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. వీటిని విడదీయడమే తర్వాతి కథంతా.

ఇంగ్లండ్‌లో 1850ల్లో అడ్మిరల్ రౌస్ అనే ఆయన వయసుకి తగ్గ బరువు పట్టిక తయారుచేశాడు. కుర్ర గుర్రం పెద్ద గుర్రంతో పరిగెత్తితే ఎంత తక్కువ బరువు మొయ్యాలి? నెలలు గడిచేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది, దూరం పెరిగితే తేడా కూడా పెరుగుతుంది. ఎదుగుదలని అంకెల్లో పెట్టాడన్నమాట.

ఎందుకంత ముఖ్యం? ఉత్తరార్ధగోళంలో థరోబ్రెడ్ గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది. జనవరిలో పుట్టినదీ, మే నెలలో పుట్టినదీ కాగితం మీద ఒకే ఈడువి. రెండేళ్ల వయసులో నాలుగు నెలల తేడా చాలా పెద్దది. మోకాలి దగ్గర ఎముక ఎదుగుదల పూర్తయ్యేది కూడా రెండేళ్లు దాటాకే. అందుకే తెలిసినవాళ్లు ఎన్నో స్థానం వచ్చింది అని మాత్రమే అడగరు. ఎంత బరువు మోసింది, ఎంత దూరం, దారి దొరికిందా, చివర్లో ఇంకా ఊపిరి మిగిలిందా అని అడుగుతారు. 1200 మీటర్లలో గెలిచినంత మాత్రాన 2000 మీటర్ల డెక్కన్ డెర్బీకో, 2400 మీటర్ల గోల్కొండ డెర్బీకో పనికొస్తుందని కాదు.

రెండు ఉదాహరణలు చెప్తాను. 1972 జులై 4న అమెరికాలో సెక్రటేరియట్ అనే రెండేళ్ల గుర్రం మొదటి రేసులో నాలుగో స్థానంలో వచ్చింది. ఫలితం మాత్రమే చూసినవాడు పక్కన పెట్టేస్తాడు. కళ్లతో చూసినవాడికి తెలుసు, బయల్దేరగానే పక్క గుర్రం గట్టిగా గుద్దిందని, వెనకబడి కూడా చివర్లో దూసుకొచ్చిందని. మరుసటి ఏడాది అదే గుర్రం బెల్మాంట్ రేసుని 31 లెంగ్తుల తేడాతో గెలిచింది.

రెండోది గ్రీన్ మంకీ. 2006లో వేలానికి ముందు ఒక ఫర్లాంగు దూరాన్ని 9.8 సెకన్లలో పరిగెత్తింది. మంచి వంశం, మంచి టైము. 1 కోటి 60 లక్షల డాలర్లకు కొన్నారు. మూడు రేసులు పరిగెత్తింది, ఒక్కటీ గెలవలేదు. డేటా అబద్ధం చెప్పలేదండీ. ఒక ఫర్లాంగు గురించి నిజమే చెప్పింది. మిగతాది కొన్నవాళ్లు ఊహించుకున్నారు.

మరి ఇది నేర్పా, సుడా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996 జనవరిలో లక్ష్మణన్ కేసులో, గుర్రప్పందెంలో గెలుపు ప్రధానంగా నేర్పు మీదే ఆధారపడుతుందని కోర్టు చెప్పింది. ఆ తీర్పుకి ఆధారాల్లో ఒకటి మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆట మీద వచ్చిన పాత కేసు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ సత్యనారాయణ.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నేర్పుతో కూడిన ఆట అంటే డబ్బు వచ్చే ఆట అని కాదు. టోట్‌లో అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది. పన్ను, క్లబ్బు వాటా పోయాక మిగిలిందే గెలిచినవాళ్లకి పంచుతారు. కట్టిన మొత్తం మీదే 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబరులో అది 40 శాతం అయింది. అంటే మీరు పక్కవాడి కంటే కొంచెం తెలివైనవాళ్లయితే సరిపోదు. ఆ కోతని కూడా దాటేంత తెలివి కావాలి. పైగా మీకు తెలిసింది పక్కవాడికీ తెలిస్తే, ఆ గుర్రం మీద వచ్చే లాభం అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. ఈ తేడా తెలియక జీతాలు, ఇళ్ల పత్రాలు పోగొట్టుకున్న కుటుంబాలు ఈ ఊళ్లో తక్కువేం కాదు.

అందుకే ఆ తమ్ముడికి చెప్పాను. మోడల్ కట్టు, తప్పకుండా కట్టు. ఏడాది పాటు ఒక్క రూపాయి పెట్టకుండా, నీ అంచనాలు నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకో. తప్పినవి చెరపకు. ఏడాది చివర ఆ పుస్తకం తిరగేస్తే, నీకున్నది నేర్పో, సుడో అదే చెప్తుంది. ఇంతవరకూ వాడు జవాబివ్వలేదు. నోట్‌బుక్ మాత్రం కొన్నాడట.

ఇదండీ ఇవాళ్టి ముచ్చట. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.