1930ల మాంద్యం - నిజాం సర్కారు - 27 బస్సులు

మాంద్యం అనగానే మనకి రూజ్‌వెల్ట్, న్యూడీల్, ఇంకాస్త చదివినవాళ్ళకి కీన్స్ గుర్తొస్తారు. 2008లో మా ఆఫీసు క్యాంటీన్లోనూ ఇదే చర్చ. అదే మాంద్యంలో సికింద్రాబాదులో ఏం జరిగిందంటే మాత్రం దిక్కులు చూస్తాం.

సికింద్రాబాదు కేంద్రంగా నడిచే నిజాం రైల్వే, లండన్ కంపెనీ చేతుల్లోంచి హైదరాబాదు ప్రభుత్వం చేతికి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. ముహూర్తం ఎవరు పెట్టారో గానీ, వాల్ స్ట్రీట్ కూలి అప్పటికి ఐదు నెలలు! ఆముదాలు, పత్తి, వేరుశనగ ధరలు పడిపోతే రైలు ఆదాయం మాత్రం నిలుస్తుందా? దానికి తోడు ప్రైవేటు మోటారు బస్సులు ప్రయాణికుల్ని లాక్కుపోతున్నాయి.

ప్రభుత్వం ఏం చేసిందంటే, రైల్వే చేతే బస్సులు నడిపించింది. 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది రోడ్డు రవాణా శాఖ. మన ఆర్టీసీకి మూలం ఇదే. అప్పటికి రూజ్‌వెల్ట్ ఇంకా అధ్యక్షుడే కాలేదు, కీన్స్ పెద్ద పుస్తకానికి ఇంకా నాలుగేళ్ళుంది. అలాగని ఇది నిజాం గారి న్యూడీల్ అనేస్తే నేనొప్పుకోను. ఉద్యోగాలు పుట్టించాలని కాదు, కొన్న రైల్వేని కాపాడుకోవాలని పెట్టిన బస్సులివి. దశలవారీగా రూట్లు సర్కారువైపోతుంటే ప్రైవేటు బస్సుల వాళ్ళ గతేమిటన్నది వేరే కథ.

ఖజానా చూసేది సర్ అక్బర్ హైదరీ. 1922 నుంచే శాఖలకి మూడేళ్ళకోసారి ఇంత అని కేటాయించే పద్ధతి పెట్టాడాయన. ఆ కట్టుబాటు వల్ల మాంద్యంలో కూడా ఖజానా కుదేలవ్వలేదు. నిజాంసాగర్ 1931లో పూర్తయింది, దాని నీళ్ళమీద చెరకు పండి 1937-38 నాటికి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. మెచ్చుకోవాల్సిందే.

కానీ లెక్కల పుస్తకం బాగుంటే ఊరు బాగున్నట్టు కాదు కదా. శిస్తు కట్టాల్సింది రొక్కంలో. బస్తా ధర సగానికి పడితే అదే శిస్తుకి రెండు బస్తాలమ్మాలి. అప్పు సంగతీ అంతే. పత్రంలో రాసిన రూపాయి మారదు, దాన్ని సంపాదించడానికి పడే చాకిరీ రెట్టింపవుతుంది. (మన హోమ్‌లోన్ ఉండగా జీతం సగమైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.) తీర్చలేనివాడి భూమి షావుకారుకో, దేశ్‌ముఖ్‌కో పోయేది. నా దృష్టిలో మాంద్యంలో సర్కారు చూడాల్సింది బస్సుల కన్నా ముందు దీన్ని.

పక్కనే మద్రాసు రాష్ట్రంలో, కోస్తా జిల్లాల్లో, రంగా లాంటివాళ్ళు రైతుల్ని కూడగట్టారు. ఓట్లతో వచ్చిన రాజాజీ మంత్రివర్గం 1938లో రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకి ముందు చేసిన అప్పుల మీద, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు! అదీ ఆలస్యమే అనుకోండి.

హైదరాబాదులో ఓట్లు లేవు, అడిగే సభా లేదు. రైతుల అప్పుల మీద భరూచా నివేదిక 1937లో గానీ రాలేదు. అప్పుల రాజీకి, వడ్డీ వ్యాపారుల అదుపుకి చట్టాలు ఆ దశాబ్దం చివర్లో వచ్చాయి. అప్పటికే చాలా పొలాలు చేతులు మారిపోయాయి.