కిటికీకి ప్లాస్టిక్ షీటు

వెదరైజేషన్ అనే మాటకి తెలుగులో సరైన మాట లేదు. మన ఊళ్ళల్లో దాని అవసరం పడలేదు. చలిదేశాల్లో ఇంటి సందులు పూడ్చి, అటక మీదా గోడల్లోనూ ఇన్సులేషన్ నింపి, లోపలి వేడి బయటికి పోకుండా చెయ్యడం అన్నమాట. అమెరికాలో పేదల ఇళ్ళకి ఈ పని ఉచితంగా చేసిపెట్టడం ప్లాస్టిక్ షీట్లతో మొదలైంది.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. ఈశాన్యపు కొసనున్న మెయిన్ రాష్ట్రంలో ఎక్కువ ఇళ్ళకి వెచ్చదనం చమురుతోనే. పేదరికం మీద యుద్ధమంటూ 1964లో తెచ్చిన చట్టం వల్ల పుట్టిన కమ్యూనిటీ యాక్షన్ సంస్థలు అక్కడ పనిచేస్తున్నాయి. ఆ కాలంలో ఇలాంటి సంస్థల మనుషులూ, ఊరికే సాయానికొచ్చినవాళ్ళూ కిటికీలకి ప్లాస్టిక్ బిగించారు, తలుపు సందులు మూశారు. పని నాసిరకమే, ఆ చలికాలం గడిస్తే చాలన్నట్టు. కానీ లెక్క మాత్రం గట్టిది. చమురు బిల్లు కట్టిపెడితే ఆ డబ్బు ఆ ఏడే పొగైపోతుంది. సందు పూడిస్తే మరుసటి ఏడూ మిగులుతుంది. 1976లో ఆ లెక్కే ఫెడరల్ పథకమైంది.

తర్వాత బ్లోయర్ డోర్ వచ్చింది. గుమ్మానికి పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లో గాలిని బయటికి లాగితే, ఏ కన్నంలోంచి చలిగాలి దూరుతోందో చేతికే తెలుస్తుంది. తీరా చూస్తే పెద్ద దొంగ చాలాసార్లు కిటికీ కాదు. పైపులూ వైర్లూ అటకలోకి వెళ్ళే కన్నాలు!

కొలత వచ్చాక నిబంధనలూ వచ్చాయి. కప్పు కారుతున్నా, వైరింగ్ ప్రమాదకరంగా ఉన్నా ముందు అది బాగుచేయించుకుని రమ్మంటారు. తడిసే అటకలో ఇన్సులేషన్ నింపడం దండగే, కాదనను. కానీ కప్పు వేయించుకోగలిగినవాడు ఆ వరసలో ఎందుకు నిలబడతాడు?

2010లో అదే మెయిన్‌లో, రాక్‌లాండ్ ఊరి చర్చిలో చలి ఆపడానికి కొందరు చెక్క చట్రాలకి రెండువైపులా పారదర్శకమైన ప్లాస్టిక్ చుట్టి కిటికీల్లో అమర్చారు. అదే విండోడ్రెస్సర్స్ అనే సంస్థయింది. ఉన్నవాళ్ళు డబ్బిచ్చి తీసుకుంటారు, లేనివాళ్ళకి ఉచితం. తీసుకునేవాళ్ళని కూడా వచ్చి బల్ల దగ్గర నిలబడి ఓ పూట పనిచెయ్యమంటారు. నాకు ఇందులో నచ్చింది అదే. వసంతంలో చట్రం ఊడదీసి దాచుకోవచ్చు.

అయితే చట్రం కారే కప్పుని ఆపలేదు. అలా వెనక్కి పంపిన ఇళ్ళ మరమ్మతుకి ఫెడరల్ పథకంలో విడిగా ఒక నిధి 2022లో పెట్టారు. దేశం మొత్తానికి ఒకటిన్నర కోట్ల డాలర్లు.