పురాధ్యక్షపీఠమునుండి శాసనసభకు: న్యాపతి సుబ్బారావు పంతులుగారు

ప్రజాప్రతినిధిత్వమును గూర్చి యుపన్యసించువారు పెక్కండ్రు. అది మన దేశమున నెట్లు మొలకెత్తెనో యెఱిగినవారు కొలదిమంది. మే ముపాధ్యాయులమై యుండిన కాలమున శాసనముల పేర్లను, సంవత్సరములను బాలురచే వల్లె వేయించితిమే కాని, వాని నాచరణమున బెట్టిన పురుషుల కథలను జెప్పమైతిమి. ఆ లోపమును గొంత తీర్చుకొనుటకే యీ వ్యాసము.

పంతులుగారు 1856వ సంవత్సరమున నెల్లూరునందు జన్మించిరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో పట్టమును బడసి న్యాయశాస్త్ర మభ్యసించుచు, 1878 సెప్టెంబరు 20వ తేదీన 'హిందూ' వారపత్రికను స్థాపించిన యార్వురు మిత్రులలో నొకరైరి. పిమ్మట రాజమహేంద్రవరమున న్యాయవాదియై స్థిరపడిరి.

1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము గావించెను. తదనుసారముగ 1884లో చెన్నరాజధాని పురపాలక శాసనము వెలువడెను. సర్కారు యుద్యోగుల చేతిలో నుండిన యాధిపత్యము పౌరుల కందుటకు మార్గ మేర్పడెను. 1885 మొదలు 1888 వఱకు పంతులుగారు రాజమహేంద్రవర పురపాలక సంఘమున కధ్యక్షులై యుండిరి. వీథులు, దీపములు, మురుగుకాలువలు, మంచినీరు - ఇవియే పురపాలకుల పని. పన్ను విధించినవాడు మఱునాడా వీథినే నడువవలయును. ప్రజ లతని నచటనే నిలిపి లెక్క యడుగుదురు. ప్రతినిధికి దీనికంటె మంచి పాఠశాల గలదా?

1893లో వీరు చెన్నరాజధాని శాసననిర్మాణసభ బ్రవేశించిరి. 1892వ సంవత్సరపు శాసనము సభ్యులకు బ్రశ్న యడుగు హక్కు నిచ్చెను. వచ్చిన యుత్తరముపై మరల నడుగుట కీయలేదు. ఆయవ్యయములను జర్చింపవచ్చును, వానిపై మత మీయరాదు. పురమున నధికారము చిన్నది, కాని చేతిలోనిది. సభయందు గౌరవము పెద్దది, కాని చేయి కట్టువడినది. అట్లని పంతులుగారు విసిగి విరమింపలేదు. 1910 మొదలు 1913 వఱకు సామ్రాజ్య శాసనసభయందును గూర్చుండిరి.

సభలతోడనే వీరి సేవ ముగియలేదు. 1891లో 'చింతామణి' పత్రికను స్థాపించిరి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి సంపాదకులైరి. ఆ పత్రిక జరపిన పోటీలవలన తెలుగున నవలారచనకు బ్రోత్సాహము గలిగెను. 1914లో బెజవాడయందు గూడిన రెండవ యాంధ్రమహాసభకు వీ రధ్యక్షులైరి. ఆ సంవత్సరమునుండి 1917 వఱకు కాంగ్రెసు ప్రధాన కార్యదర్శులలో నొకరై యుండిరి. జనులు వీరి నాంధ్రభీష్ముడని గౌరవించిరి. 1941లో వీరు పరమపదించిరి. 1953లో నేర్పడిన యాంధ్రరాష్ట్రమును జూచు భాగ్యము వీరికి లేకపోయెను.

సభాసదులారా! శాసనసభాపీఠమును గోరు మన యువకులు మొదట తమ వీథిలోని మురుగుకాలువను జూతురుగాక. అచట గుదిరిన చేయియే రాష్ట్రమునకు బనికివచ్చును.